పద్యానికి చెవి ఒగ్గితే

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్న సామెతను పుట్టించినవాళ్లు ఛందస్సు చదువుకుని ఉండాల్సిన పనిలేదు. అయినా 'మిం'కి 'మీ' చక్కగా కుదిరింది. "వింటే భారతం వినాలి, తింటే గారెలు తినాలి" అన్నచోట రెండో అక్షరాలు జత కలిశాయి. మొదటిదాన్ని పద్యంలో యతి అంటారు, రెండోదాన్ని ప్రాసయతి. బడిలో గురువులూ లఘువులూ లెక్కపెట్టేనాటికే మన చెవి వీటికి అలవాటుపడి ఉంటుంది.

సంస్కృతంలో యతి అంటే ఊపిరి తీసుకునే చోటు, అంతే. కన్నడ పద్యానికి ప్రాస తప్పనిసరి గాని యతిమైత్రి పట్టింపు లేదు. తెలుగు వృత్తం రెండూ కావాలంటుంది. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట చుట్టం కనబడాలి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఇది నన్నయతో మొదలైన నియమం కాదు. ఆయనకు రెండు వందల ఏళ్ల ముందటి అద్దంకి శాసనంలోని తరువోజలోనే యతిప్రాసలు ఉన్నాయి.

ఏ అక్షరానికి ఏది చుట్టమన్నది నోరే నిర్ణయిస్తుంది. క ఖ గ ఘ లు ఒక ఇల్లు, చ ఛ జ ఝ లతో శ ష స లు కలుస్తాయి. హల్లు కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. అ ఆ ఐ ఔ లది ఒక జట్టు. 'కి'కి 'గే' సరిపోతుంది, 'గు' సరిపోదు. బట్టీ పడితే ఇదంతా పెద్ద పట్టిక. పైకి పలికి చూస్తే సగం దానంతటదే తెలిసిపోతుంది.

యతి ఎక్కడ పడుతుందన్నది పద్యం నడకనే మార్చేస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. దాదాపు నడిమధ్య. అందుకే ఆ నడక నెమ్మదిగా, తూగుతూ ఉంటుంది. శార్దూలానికి 19 అక్షరాలు, యతి పదమూడోది. పన్నెండు అక్షరాలు ఒక్క ఊపున సాగి, మిగిలిన ఏడింటిలో దబ్బున దిగుతుంది. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే మత్తేభం, ఉత్పలమాలకు అదే పని చేస్తే చంపకమాల. యతి కూడా ఒక్క అక్షరం ముందుకు జరుగుతుంది. నాలుగు వృత్తాలూ వేరువేరుగా నేర్పి ఈ సంగతి చెప్పని పాఠాలే ఎక్కువ.

లెక్క తెలిశాక అసలు ప్రశ్న: దీంతో కవి ఏం చేశాడు? పోతన గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని చూపించే మత్తేభం తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. దాన్ని ఒక్కసారి పాదాల వారీగా రాసుకుని చూడండి. మొదటి మూడు పాదాల్లో ఏదీ మాట పూర్తయ్యాక ఆగదు. ప్రతి పాదం చివరా ఒక పదం విరిగి, మిగతా ముక్క కింది పాదంలోకి జారుతుంది. జారిన ముక్కలో రెండో అక్షరంగా ప్రాస 'ల' వచ్చి కూర్చుంటుంది. చదివేవాడికి ఆగడానికి చోటు లేదు. పురం, నగరు, మేడ, తోట, కొలను దాటుకుంటూ ఒకే ఊపిరిలో విష్ణువు దగ్గరికి చేరతాం. ఏనుగు మొర వినిపించేది నాలుగో పాదంలోనే. ఆ మొర విన్నవాడు కదలబోతున్నాడు, అంతలో పద్యం అయిపోతుంది, సమాపక క్రియ లేకుండానే. ఆ తొందరను చెప్పడానికి పోతన విడిగా మాట వాడనక్కర్లేదు. విరిగిన పదాలే ఆ పని చేశాయి. "ఇందులో అలంకారం పేరు రాయుము" అని పరీక్షలో అడిగితే ఇదంతా జారిపోతుంది.

పేర్లు వద్దని కాదు. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే వృత్త్యనుప్రాస. "కలవరం కల వరమైంది" అన్నట్టు అవే అక్షరాలు వేరే అర్థంతో తిరిగి వస్తే యమకం. "అమ్మ చేసిన వంటే వంట" అన్నామంటే తెలియకుండానే లాటానుప్రాస పలికేశాం, మాట అదే, అర్థం అదే, తాత్పర్యం వేరు. వీటిలో యమకం నాకు త్వరగా మొహం మొత్తుతుంది. రెండోసారి చదివితే చమత్కారం తప్ప మరేమీ మిగలని పద్యాలు అందులో ఎక్కువ.

యతిప్రాసల బరువుకు కూలిన పద్యాలూ తక్కువ కాదు. 'తనర', 'ఒప్ప', 'చెలువొంద' లాంటి మాటలు యతిస్థానంలో కనబడితే అనుమానించాలి. చాలాసార్లు అవి అర్థం కోసం రాలేదు, ఖాళీ పూడ్చడానికి వచ్చాయి. మంచి కవి అదే చోట తీసేస్తే పద్యం కుంటుపడే మాటను నిలబెడతాడు. అవధానంలో సమస్య ఇచ్చినప్పుడు ఈ తేడా కళ్లెదుటే తెలుస్తుంది. ఇచ్చింది చివరి పాదం. దాని రెండో అక్షరమే మిగిలిన మూడు పాదాలకూ ప్రాస. అరుదైన జంటాక్షరం తగిలిందంటే అవధాని ముందు నిఘంటువు సన్నబడిపోతుంది. అప్పుడు దొరికిన మూడు మాటలూ సమస్యలోని అసంబద్ధతను విప్పేవే అయితే సభ చప్పట్లు కొడుతుంది. ప్రాస కుదిరి కథ కుదరకపోతే చప్పట్లు మర్యాదకే.

గురజాడ ముత్యాలసరాల్లో ఈ కట్టుబాటు సడలింది. శ్రీశ్రీ నాటికి పద్యమే పక్కకు తప్పుకుంది. కానీ ప్రాస మీద ఆయనకున్న వ్యామోహం సిప్రాలిలో ప్రాసక్రీడలు చదివినవారికి తెలుసు. ఆ పుస్తకం పేరులో 'ప్రా' అదే మరి. మహాప్రస్థానంలోనూ యతిస్థానం లేదు గాని హల్లుల మోత, మాత్రల అడుగు ఉన్నాయి, ఊరేగింపులో నడిచేవాళ్లకు అవి సరిపోయాయి. ఆరుద్ర కూనలమ్మ పదాల్లో ప్రాస పాదం మొదలు వదిలి చివరికి మారింది. మూడు చిన్న పాదాలు ఒకేలా ముగిసి, నాలుగో పాదంలో కూనలమ్మను పిలుస్తాయి. మొదటి పాదం విన్నవాడు మూడోది ఎలా ముగుస్తుందో ముందే ఊహిస్తాడు, ఆరుద్ర ఆ ఊహకు సరిపడే శబ్దం ఇచ్చి, ఊహించని మాట పెడతాడు.