తండా మీదుగా బడికి

మహమ్మద్ నగర్ చుట్టుపక్కల ఏ ఊరి బడిలోనైనా, ఒకటో తరగతి గదిలో పొద్దున కాసేపు చెవి పెట్టి కూర్చోండి. ముందు వరుసలో ఇద్దరు పెన్సిలు కోసం తెలుగులో తగువాడుకుంటుంటారు. వెనక తండా పిల్ల తన తమ్ముణ్ని లంబాడీలో బుజ్జగిస్తుంటుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లాడిది ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. మద్నూరు, జుక్కల్ వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాళ్లుంటే మరాఠీయో కన్నడమో కూడా వినపడుతుంది. వీళ్లందరి ముందూ తెరిచి ఉన్న పుస్తకంలో మాత్రం ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిషు. 2022-23లో సర్కారు బడులన్నిటికీ ఇంగ్లిషు మీడియం వచ్చినప్పుడు వాటితోపాటు వచ్చిన జంట పుస్తకాలవి.

బోర్డు మీద రాసుకోకపోయినా మనది బహుభాషా పాఠశాలే. ఈ మాట గర్వంగానే అంటున్నాను. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ల వెంట వరి కోసం, చెరకు కోసం, కూలి కోసం ఎక్కడెక్కడి మనుషులో వచ్చి స్థిరపడ్డ నేల ఇది. కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తున్నాం. ఇన్ని భాషల పిల్లలు ఒకే చాప మీద కూర్చోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు.

ఇక ఆ పిల్లల తల్లిదండ్రులు బడికి ఎప్పుడెప్పుడు వస్తారో చూడండి. జూన్‌లో బడిబాట అప్పుడు పేరు రాయించడానికి వస్తారు. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ కలవలేదని కబురు పెడితే వస్తారు. పిల్లాడు ఎవరినో కొట్టాడని పిలిస్తే వస్తారు. మూడు సందర్భాల్లోనూ మాట్లాడేది బడి, తల ఊపేది ఇల్లు. ఈ వారం నేను రాయాలనుకున్నది దీని గురించే. పాఠం చెప్పడానికి శిక్షణలు బోలెడు ఉన్నాయి. ఒక తల్లి పక్కన కూర్చుని ఆమెతో మాట కలపడం కూడా టీచరు పనిలో భాగమేనని, దానికీ ఒక నేర్పు ఉంటుందని చెప్పేవాళ్లు తక్కువ.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల వాటా ప్రకారం చోటివ్వాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు ఒక్కో కమిటీకి పెద్ద, హెడ్మాస్టరు కన్వీనరు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న రిపేర్లు, ఇవన్నీ వాళ్ల చేతికొచ్చాయి. కావలసిన పనులే. ఆడపిల్లకు మరుగుదొడ్డి లేని బడిలో భాష గురించి మాట్లాడటం నాకు కూడా మనసొప్పదు. కానీ ఆ మీటింగుల్లో సిమెంటు, బిల్లుల లెక్కలు అయ్యేసరికి పొద్దుపోతుంది. తండా నుంచి వచ్చిన సభ్యురాలు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాటా మాట్లాడకుండా సంతకం చేసి వెళ్లిపోతుంది.

ఆమె ఎందుకు మాట్లాడదంటే మీటింగు ఆమె భాషలో జరగదు. అదొకటే కాదు, మీటింగు ఆమె వేళకూ జరగదు. మన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల్లో ఎన్ని ఇళ్లు బీడీల మీద బతుకుతున్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. గంటసేపు బడిలో కూర్చుంటే ఆ గంటలో చుట్టాల్సినవి రాత్రి దీపం కింద చుట్టాలి. పదకొండింటికి మీటింగు పెట్టి ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అని రిజిస్టర్లో రాయడం అన్యాయం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో మీటింగు పొద్దుగూకినాకే పెట్టాలి, అదీ తండాలోనే, సేవాలాల్ గుడి ముందర.

టీచరుగా పిల్లల ఇళ్లకు వెళ్లడానికి నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మొదటిసారి చేతిలో కాగితం ఉండకూడదు. కాగితం చూస్తే ఇల్లు బిగుసుకుపోతుంది. సర్వే అనుకుంటారు, రేషన్ కార్డు తీసేస్తారేమో అనుకుంటారు. బీడీలు చుట్టే ఇంటికి వెళ్తే పని ఆపమని అనకూడదు. చాట పక్కనే కూర్చోవాలి. ఆమె తునికాకు కత్తిరిస్తూనే ఉంటుంది, మాట నడుస్తూనే ఉంటుంది. మొదటి మాట పిల్ల గురించి మంచి మాటే కావాలి, అది కూడా ఊరికే ‘బాగా చదువుతోంది’ అని కాకుండా ‘నిన్న ఒకటో తరగతి పిల్ల ఏడుస్తుంటే మీ బిడ్డనే నీళ్లు తాగిపిచ్చింది’ అన్నట్టు కళ్లకు కట్టేలా ఉండాలి. టీ ఇస్తే తాగాలి. వద్దంటే, ఆ ‘వద్దు’కు ఆ ఇంట్లో ఎన్ని అర్థాలు వస్తాయో మనం ఊహించలేం.

ఇంకోటి చాలా ముఖ్యం. పిల్లనే దుబాసీగా వాడకూడదు. తల్లికి తెలుగు సరిగా రాదని, తన గురించి టీచరు చెప్పే మాటను ఏడేళ్ల పిల్ల చేతే లంబాడీలో చెప్పించడం ఎంత బరువో ఆలోచించండి. తండాలో ఇంటరో డిగ్రీయో చదువుతున్న అక్క ఒకరుంటారు. సంఘం లెక్కలు రాసే అమ్మాయి ఉంటుంది. వాళ్లను తోడు రమ్మంటే సంతోషంగా వస్తారు. ఉర్దూ ఇంటికి ఒక్కదాన్నే వెళ్లినా ‘ఆపా’ అని పిలిస్తే సగం దూరం తగ్గుతుంది. మిగతా సగం మన దక్కనీ ఉర్దూయే చూసుకుంటుంది.

‘‘మాకేం ఎరుక టీచరమ్మా, మేం సదువుకోనోళ్లం. మీరే మంచిగ జెప్పుండ్రి’’ అంటారు ఎక్కడికి వెళ్లినా.

‘‘చెప్పనీకి రాలేదమ్మా, అడగనీకి వచ్చిన’’ అంటాను.

ఇక అడగడం మొదలవుతుంది. పిల్లాడు రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు? కథ ఎవరు చెబుతారు? ఏ పని తనంతట తాను చేస్తాడు? మీ ఇంట్లో ఎవరి చేతికి ఏ పని వచ్చు? ఈ చివరి ప్రశ్న దగ్గర మొహాలు మారతాయి. మా ఊళ్ల ఇళ్లలో ఎంత చదువు ఉందో అక్కడే తెలుస్తుంది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. ఈ గుణకారం ఆ తల్లి నోటి మీద ఉంటుంది. నలభై గుంటలు ఎకరం. ఏడు గుంటల మడికి విత్తనం ఎంత పడుతుందో తాత వేళ్ల మీద లెక్క చెబుతాడు. లంబాడీ అవ్వ తన ఫేటియా (పావడా) మీద, కాంచళి (రవిక) మీద అద్దాలూ గవ్వలూ కుట్టిన వరుసల్లో చతురస్రాలున్నాయి, త్రిభుజాలున్నాయి, సగానికి మడిస్తే కలిసిపోయే ఆకారాలున్నాయి. నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో ఇవే పాఠాలు, ముక్కూమొహం తెలియని బొమ్మలతో.

శ్రావణ మాసంలో తండాల్లో తీజ్ జరుగుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. మొలక ఎంత నిటారుగా, ఎంత పచ్చగా వస్తే అంత సంబరం. విత్తనం మొలకెత్తడం అనే పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏ పట్నం బడిలో ఉంది? ఆ పాఠం తీజ్ రోజుల్లో చెబితే, అక్కల్లో ఒకరిని బడికి పిలిచి బుట్ట ఎలా పెడతారో చెప్పమంటే, తరగతిలో అప్పటిదాకా నోరు విప్పని పిల్ల ఆ రోజు మిగతావాళ్లకు టీచరవుతుంది. నీళ్లు ఎక్కువైతే గింజ కుళ్లుతుందని, ఎండ లేకపోతే మొలక పాలిపోతుందని పుస్తకం కన్నా ముందు ఆ పిల్లే చెబుతుంది.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో లూయిస్ మోల్, నార్మా గొంజాలెజ్ అనే పరిశోధకులు మామూలు బడి టీచర్లతో కలిసి ఇదే పని చేశారు. మెక్సికో నుంచి వచ్చిన కూలి కుటుంబాల ఇళ్లకు టీచర్లు వెళ్లి, ఆ ఇళ్లలో ఉన్న తెలివిని రాసుకుని, దాన్ని పాఠాల్లోకి తెచ్చారు. 1992లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో ఒక విద్యార్థి తల్లి తరగతికి వచ్చి మెక్సికో మిఠాయి చేసి చూపించిన సంగతి ఉంది. ఆ మిఠాయి చుట్టూ లెక్కలు, సైన్సు, పోషకాహారం పాఠాలు అల్లుకున్నాయి. అది చదివినప్పుడు నాకు తట్టింది మన తండాలే.

అన్నింటికన్నా కష్టమైన సంభాషణ ఇంగ్లిషు గురించి. ‘‘మేడం, మా పోరడు ఇంగ్లిష్ ఎప్పుడు మాట్లాడ్తడు?’’ అని ప్రతి తండ్రీ అడుగుతాడు. అడగాలి కూడా. ఆ కోరికను చిన్నచూపు చూసే హక్కు మాకు లేదు. బాన్సువాడ వైపు ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు పోతుంటే చూస్తూ, అప్పు చేసైనా పిల్లను ఎక్కిద్దామా అని ఆలోచించే తండ్రికి మాతృభాష మీద ఉపన్యాసం ఇవ్వడం తప్పు. ఇంటి భాషలో బాగా మాట్లాడగలిగి, కథ చెప్పగలిగిన పిల్లకు రెండో భాష, మూడో భాష గట్టిగా వస్తాయని చూపించాలి. మాటలతో కాదు, పిల్ల చేతే. అవ్వ లంబాడీలో చెప్పిన కథకు పిల్ల బొమ్మలు వేస్తుంది. ఆ బొమ్మల కింద లంబాడీ మాటలను తెలుగు లిపిలో రాస్తాం. తర్వాత తెలుగులో, ఆ తర్వాత చిన్నచిన్న ఇంగ్లిషు వాక్యాల్లో. అదే కథను పిల్ల తండ్రి ముందు మూడు భాషల్లో చెప్పిందంటే ఆయన మళ్లీ ఆ ప్రశ్న అడగడు.

ఇక్కడ మా టీచర్లతో కూడా ఒక మాట కటువుగానే అనాలి. ‘ఇంట్లో మీరు తెలుగులోనే మాట్లాడండి, అప్పుడే వీడికి చదువొస్తుంది’ అని తండా తల్లులకు సలహా ఇవ్వడం మానుకుందాం. మంచి మనసుతోనే చెబుతారు, నాకు తెలుసు. కానీ ఆ సలహా విన్న తల్లి తనకు వచ్చీరాని భాషలో పిల్లతో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. జోలపాటలు, పొడుపుకథలు, చివాట్లు, ముద్దుమాటలు అన్నీ ఆగిపోతాయి. చదువుకు కావలసిన మాటల సంపద అక్కడే ఎండిపోతుంది.

సొంత భాష చెల్లకపోవడం మనకు తెలియని బాధ కూడా కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో, మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిషు చెల్లిన వేదిక మీద తెలుగు చెల్లలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో మన మంజీర సీమలోనే, జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తల్లిభాషలో చదువు కావాలని అడిగినవాళ్ల మనవలం మనం. ఇవాళ బడిలో తెలుగు చెల్లుతోంది. ఆ వేదిక మీద మనవాళ్లు నిలబడ్డ చోట ఇప్పుడు లంబాడీ అవ్వ నిలబడి ఉంది. ఆమె బడి మీటింగులో తన భాషలో మాట్లాడితే ముందు వరుసలో నవ్వు వినపడకుండా చూడటం మన బాధ్యత.

ఇంటి భాషను బడిలోకి తెచ్చే దారి మనకు తెలియనిదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది భాషల్లో, అంటే గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారాల్లో చిన్న తరగతులకు పాఠాలు తయారయ్యాయి. లిపి తెలుగే. ఆయా భాషలవాళ్లే టీచర్లుగా కూర్చుని కథలు, పాటలు సేకరించారు. సముద్రాల అవతల మన తెలుగువాళ్లు చేస్తున్నదీ ఇదే. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో పాఠం చెప్పేవాళ్లలో చాలామంది ఆ పిల్లల తల్లిదండ్రులే. అక్కడ ఇంజనీరు అమ్మ టీచరైతే మురిసిపోతాం. ఇక్కడ చెరకు కొట్టే అమ్మకు అదే గౌరవం ఇవ్వడానికి ఏం అడ్డం?

ఇప్పుడు ఫోన్లున్నాయి కాబట్టి ఒక పని తేలికైంది. చదవలేని ఇంటికి వాట్సాప్‌లో రాసి పంపడం దండగ. గొంతు పంపాలి. అయిదో తరగతి పిల్లల చేత లంబాడీలో, ఉర్దూలో, తెలుగులో మాట్లాడించి వారానికొకసారి పంపితే అమ్మలే కాదు, దుబాయిలో మస్కట్‌లో ఉన్న నాన్నలు కూడా వింటారు. తిరిగి వాళ్లూ గొంతు పంపుతారు. దుబాయి నాన్న తను కడుతున్న భవనానికి ఎన్ని అంతస్తులో చెబితే మర్నాడు లెక్కల పీరియడ్ దానితోనే మొదలవుతుంది.

అయితే అసలు పరీక్ష దసరా తర్వాత వస్తుంది. నారాయణఖేడ్ వైపు, మన వైపు తండాల నుంచి కుటుంబాలు చెరకు కొట్టడానికి బయల్దేరుతాయి. కొందరు పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు, కొందరు బండెక్కి వెళ్లిపోతారు. మేం రిజిస్టర్లో గైర్హాజరు వేస్తూ కూర్చుంటాం. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షను ప్రకారం పిల్ల ఏ ఊరు వెళ్తే ఆ ఊరి బడిలో చేరవచ్చు. టీసీ ఆలస్యమైందన్న సాకుతో ఎవరూ కాదనకూడదు, హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పినవాళ్లు ఎంతమంది? కాబట్టి ఈసారి అమ్మ కమిటీ మీటింగు దసరా సెలవులకు ముందే తండాలో పెట్టమని అడుగుతున్నాను. ఏ కుటుంబం ఏ ఫ్యాక్టరీ వైపు వెళ్తోంది, మేస్త్రీ ఎవరు, ఫోను నంబరేంటి, ఏ పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది, ఆ అవ్వకు సాయంత్రం ఎవరు తోడు, పిల్ల ఏ పాఠం దాకా వచ్చింది, ఇవన్నీ ఆ రోజే రాసుకోవాలి. రాసే పని సంఘం లెక్కలు చూసే అమ్మాయికి ఇవ్వండి. లంబాడీలో అడిగి తెలుగులో రాసుకోవడం ఆమెకు బాగా వచ్చు.