చక్రం ఊడితే కనిపిస్తుంది

2021 మే 6న నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు బయల్దేరిన ఎయిర్ అంబులెన్స్‌కు టేకాఫ్ అవుతుండగానే ఓ చక్రం ఊడిపోయింది. అది బీచ్‌క్రాఫ్ట్ సి-90 రకం చిన్న విమానం. లోపల రోగి, తోడొచ్చిన బంధువు, డాక్టరు, ఇద్దరు పైలట్లు. డ్యూటీలో ఉన్న సీఐఎస్ఎఫ్ ఉద్యోగి ఆ చక్రాన్ని చూసి వెంటనే కబురందించాడు. విమానాన్ని ముంబైకి మళ్లించి, రన్‌వే మీద నురగ పరిచి, పొట్ట మీద దించారు. ఐదుగురూ క్షేమంగా బయటపడ్డారు.

చక్రం పోతే ఎవరో ఒకరి కంట పడుతుంది. క్యాబిన్‌లో గాలి పలచబడితే బయటి నుంచి చూసి చెప్పేవాళ్లుండరు. లోపలివాళ్లకు తెలిసేలోపే తెలివి సన్నగిల్లుతుంది.

హైదరాబాద్‌లోని హైటెక్ సిటీకి ఈ ప్రమాదం పరాయి సంగతి కాదు. ఈ చుట్టుపక్కల ఆస్పత్రులకు దూరాభారం నుంచి రోగులు చిన్న విమానాల్లో వస్తారు. కంపెనీల పెద్దలు చార్టర్ జెట్లలో తిరుగుతారు. 2008 మార్చిలో రెగ్యులర్ విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట విమానాశ్రయంలో ఎక్కువగా ఇలాంటి వాటికే చోటు. హనీవెల్, కాలిన్స్, సైయంట్ ఇంజినీర్లు విమాన భాగాల మీద పనిచేసేదీ ఈ నగరంలోనే.

ఆ విమానాలు ఎగిరే ఎత్తు చూడండి. మన పర్వతారోహకురాలు మలావత్ పూర్ణ 2014లో ఎక్కిన ఎవరెస్ట్ ఎత్తు దాదాపు 29,000 అడుగులు. వారాల తరబడి ఒంటికి అలవాటు చేసుకుంటూ, మాస్కుతో చేరే ఎత్తది. చిన్న టర్బోప్రాప్ విమానం ఆ దరిదాపులకు అరగంటలో పోగలదు. 25,000 అడుగుల దగ్గర క్యాబిన్ ప్రెజర్ పోతే పైలట్‌కు బుర్ర పనిచేసేది మూడు నుంచి ఐదు నిమిషాలు. 35,000 దగ్గర అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. ఆ తర్వాత మనిషి మెలకువగానే కనిపించవచ్చు గానీ, ఏ స్విచ్ ఎటు తిప్పాలో తోచదు. నొప్పి ఉండదు. కొందరికైతే హుషారుగా కూడా ఉంటుంది. భయపెట్టేది ఆ హుషారే.

2000 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ఏడుగురు గని ఉద్యోగులతో కింగ్ ఎయిర్ 200 ఒకటి లియోనోరాకు బయల్దేరింది. అంబులెన్స్‌గా వాడిన సి-90ది కూడా ఇదే కుటుంబం. అనుమతించిన 25,000 అడుగులు దాటి పైకి పోతుంటే కంట్రోలర్ అడిగాడు. ఆగమన్నాడు పైలట్. ఆ తర్వాత అతని నుంచి అర్థమయ్యే మాట రాలేదు. రేడియోలో కొన్ని శబ్దాలు మాత్రం వినిపించాయి. విమానం దానంతటదే దాదాపు ఐదు గంటలు ఎగిరి, ఖండం అవతల బర్క్‌టౌన్ దగ్గర కూలింది. ఎనిమిది మందీ చనిపోయారు. క్యాబిన్ ప్రెజర్ తగ్గితే ఆ విమానంలో దీపం వెలుగుతుంది, హారన్ మోగదు. శబ్దంతో కూడిన హెచ్చరిక ఉండాలని దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది. ఆ ఒక్క హారన్ ఉండి ఉంటే ఏమయ్యేదో అనిపించక మానదు.

హారన్ ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టూ కాదు. 2005 ఆగస్టు 14న గ్రీస్‌లో కూలిన హీలియోస్ ఎయిర్‌వేస్ బోయింగ్ విమానంలో హారన్ మోగింది. పైలట్లు దాన్ని వేరే హెచ్చరిక అనుకున్నారు. 121 మంది పోయారు.

అందుకే అసలు పని, అంటే పైలట్ల ఆక్సిజన్‌ను సరిచూడటం, ఎగరకముందే నేల మీద జరగాలి. చాలా చిన్న జెట్ల, టర్బోప్రాప్‌ల ఒంటి మీద ఓ చిన్న పచ్చ బిళ్ల ఉంటుంది. అది ఊడిపోయి ఉంటే సిలిండర్‌లో ఒత్తిడి మితిమీరి ఆక్సిజన్ బయటికి పోయిందని అర్థం. తర్వాత గేజ్ చూడాలి. చాలా సిలిండర్లు నిండుగా ఉంటే ముల్లు 1,800 పీఎస్ఐ ప్రాంతంలో నిలుస్తుంది. ఇక్కడే మోసపోయేది. సిలిండర్ వాల్వ్ మూసి ఉన్నా పైపుల్లో మిగిలిన గాలితో కొన్ని విమానాల్లో ముల్లు నిండుగానే చూపిస్తుంది, మాస్కు కూడా కాసేపు పనిచేస్తుంది. ముల్లు మీద చూపు పెట్టి నాలుగైదు శ్వాసలు గట్టిగా పీల్చాలి. ముల్లు జారిందా, వాల్వ్ మూసి ఉన్నట్టే. మాస్కు ఒంటిచేత్తో ఐదు సెకన్లలో ముఖానికెక్కాలి. గుబురు గడ్డం ఉంటే అంచులు అతకవు. పెదాలకు నూనె లిప్‌బామ్ రాసుకుని మాస్కు పెట్టుకోకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ దగ్గర జిడ్డుకు తేలిగ్గా నిప్పంటుకుంటుంది.

అంబులెన్స్‌లో రోగి సిలిండర్ వేరు, పైలట్ల ఆక్సిజన్ వేరు. మొదటిదాన్ని డాక్టరు పదిసార్లు చూస్తాడు. రెండోదాన్నీ అంత శ్రద్ధగా చూడాలి. రోగి ప్రాణం దాని మీద కూడా ఆధారపడి ఉంది.

ఎయిర్ అంబులెన్స్ మాట్లాడుకునే కుటుంబాలు వెంటిలేటర్ ఉందా, డాక్టరు వస్తాడా అని అడుగుతాయి. చార్టర్ బుక్ చేసే ఆఫీసులు టైమూ రేటూ అడుగుతాయి. దయచేసి ఇంకో రెండు ప్రశ్నలు కలపండి: పైలట్ల ఆక్సిజన్ ఇవాళ పరీక్షించారా? క్యాబిన్ ప్రెజర్ తగ్గితే ఈ విమానంలో హారన్ మోగుతుందా?