కత్తుల కోనేరు, మెట్ల లెక్క

కొండమీది కోట లొంగిపోవడానికి గోడలు కూలనక్కరలేదు, లోపలి నీరు ఇంకితే చాలు. జమ్మలమడుగు దాపున, ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి అంచున నిలిచిన గండికోటకు ఈ చిక్కు మరీ ఎక్కువ. నది కళ్లెదుటే పారుతున్నా అది లోయ అడుగున ఉండడం వల్ల, కొండమీద కురిసిన వానను పట్టి నిలుపుకోవడమే పైనున్నవారికి ప్రధానమైన దారి. పెమ్మసాని నాయకుల ఏలుబడి ముగిసి, 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే చూసేనాటికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైన ఈ కోటలో, జామా మసీదు చెంతనున్న కత్తుల కోనేటిని ఈ దృష్టితోనే చూడాలి.

యుద్ధం నుంచి వచ్చినవారు నెత్తుటి కత్తులను కడిగితే అందులో నీరు ఎర్రబడేదని జనం చెప్పుకొంటారు. కానీ కోనేటి అసలు నేర్పు మెట్లలో ఉంది. నలువైపులా రాతిమెట్లు దించి నీరు నిలిపిన కట్టడాన్ని కోనేరు అంటారు. గుడికి చెందినదైతే దాన్నే పుష్కరిణి అంటారు, బ్రహ్మోత్సవాల చివర స్వామివారి చక్రాన్ని అందులో ముంచే చక్రస్నానం జరుగుతుంది. ఎండలకు నీరు ఎంత అడుక్కి జారినా, దాన్ని పైకి తోడకుండా మనిషే దాని దగ్గరికి దిగి మునిగేలా ఈ మెట్లు వీలు కల్పిస్తాయి.

దీనికి భిన్నంగా, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని రౌషమ్ ఎస్టేటు తోటలో, 18వ శతాబ్దంలో విలియం కెంట్ రూపకల్పనలో వెలసిన ఎనిమిది పలకల చన్నీటి కొలనుకు ఇన్ని మెట్లతో పనిలేదు. వంపులు తిరిగే సన్నని కాలువ దానికి నీరు అందిస్తుంది. చన్నీటి స్నానం ఒంటికి మేలని ఆనాటి సంపన్నులు నమ్మేవారు కాబట్టి అది ఒక ఇంటివారి సౌఖ్యానికి ఏర్పడింది. కోనేరు మాత్రం పదిమంది దిగే చోటు, పైగా నీరు తరిగే నేలకు తగిన కట్టడం.

1876-78 నాటి ధాత కరువును మరువని సీమలో ఈ తేడా చిన్నది కాదు. నిండు వానల ఏడు పైమెట్టు మీదే పాదం తడుస్తుంది, కరువు ఏడు అడుగుమెట్టు దాకా దిగాలి. స్నానానికి వచ్చినవారు దిగిన మెట్లను లెక్కపెట్టుకుంటే, ఆ ఏటి వాన ఎంతో, రాబోయే వేసవి ఎలా ఉంటుందో మునగకముందే తెలిసిపోతుంది.