డిసెంబరాల పక్కన ఏం నాటాలి?

వయొలెట్లు మా నంద్యాలలో బతకవు. చలి కొండల్లో, తేమ ఆరని నేలలో పెరిగే మొక్కకు 45 డిగ్రీలు దాటే ఎండలు ఎక్కడ పడతాయి? తోటపని పుస్తకాలు వాటికి జతగా చెప్పే ప్రిమ్యులాలు, హోస్టాల సంగతీ అంతే. అయినా నీడపట్టున ఊదారంగు పూలు విరగబూయాలన్న కోరిక తీర్చే మొక్క మన పెరళ్లలో ఎప్పటినుంచో ఉంది. అది డిసెంబరాల మొక్క. బయటి దేశాల నర్సరీల్లో దీన్ని ఫిలిప్పీన్ వయొలెట్ అని అమ్ముతారు. నిజానికి ఇది మన దేశంలోనూ సహజంగా పెరిగేదే. వయొలెట్లతో దీనికి చుట్టరికం లేదు, ఉన్నదంతా కనకాంబరంతోనే.

వేపచెట్టు కింద ఈ మొక్కలు పెంచుతున్న నన్ను చాలామంది అడిగేది ఒకటే: పక్కన ఇంకేం వేయొచ్చు? సాధారణంగా రంగుకు రంగు చూసుకుని వేస్తుంటారు. నేను మాత్రం రెండే చూడమంటాను. ఒకటి, ఆ మొక్క ఎన్ని నీళ్లు అడుగుతుంది. రెండు, ఏ నెలలో పూస్తుంది, ఏ నెలలో పడుకుంటుంది. ఈ రెండూ కుదిరితే రంగులు వాటంతటవే కుదురుతాయి.

అంతకన్నా ముందు మన నీడ ఎలాంటిదో తెలుసుకోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ భూమధ్యరేఖకు ఉత్తరాన 15 డిగ్రీల పైచిలుకులో ఉన్నాయి. అందువల్ల మే మొదటి రోజుల నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. డిసెంబరు 21న పది అడుగుల గోడకు మిట్టమధ్యాహ్నం ఉత్తరాన ఎనిమిది అడుగుల నీడ పడుతుంది. అదే గోడకు జూన్ 21న ఉత్తరాన నీడే ఉండదు, దక్షిణాన మాత్రం అడుగున్నర పడుతుంది. చలికాలంలో చల్లగా ఉందని ఉత్తరపు గోడ వారగా నాటిన మొక్క మే నెలలో నడినెత్తి ఎండలో నిలబడుతుంది. పైగా ఇక్కడి ఇళ్ల ముందు బేతంచెర్ల నాపరాళ్లు పరిచి ఉంటాయి. ఆ రాళ్ల సెగ పొద్దుగూకినా తగ్గదు. అందుకే గోడ నీడ కన్నా చెట్టు నీడ మేలు. చెట్టుకు తూర్పు పక్కన అయితే ఉదయపు ఎండ తగులుతుంది, మధ్యాహ్నపు ఎండకు చెట్టే అడ్డం ఉంటుంది. డిసెంబరాలకు కావలసింది ఇదే. మరీ చీకటి నీడలో వేస్తే కొమ్మలు సాగుతాయి తప్ప పూలు రావు.

పూసే రోజుల్లో ఈ మొక్కను దగ్గరగా చూడండి. కొమ్మ చివర ఆకుల మధ్య, అంచున ముళ్లలాంటి నూగుతో ఆకుపచ్చని రేకులు గుత్తిగా ఉంటాయి. వాటి లోంచి సన్నటి పొడుగాటి గొట్టంతో పువ్వు బయటికి వస్తుంది. వాసన ఉండదు. ఆ గొట్టమే మాల కట్టేటప్పుడు దారానికి పట్టు. ఒక పువ్వు రాలితే అదే గుత్తిలోంచి మర్నాడు ఇంకొకటి వస్తుంది. ఫిబ్రవరిలో పూత అయిపోగానే మోకాలెత్తుకు కత్తిరించాలి. కొత్త చిగుళ్ల మీదే వచ్చే ఏటి పూత వస్తుంది. వానలు పడ్డాక నాలుగైదు కణుపుల కొమ్మ గుచ్చితే చాలు, వేరు పోసుకుంటుంది.

ఇక తోడు సంగతి. డిసెంబరాలు పూసేది చలికాలం. కత్తిరించాక వేసవి అంతా ఆ చోటు బోసిగా కనిపిస్తుంది. ఆ వెలితి తీర్చడానికి నేను మొదట చెప్పేది మే పువ్వు. దాన్ని కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. చలికాలమంతా దాని దుంప మట్టిలో నిద్రపోతుంది. ఎండలు ముదిరాక ఆకు కన్నా ముందు ఎర్రటి బంతిలా పువ్వు లేస్తుంది. నీడ దానికి ఇష్టం. ఒకటి పడుకున్నప్పుడు ఇంకొకటి లేస్తుంది కాబట్టి రెండింటి మధ్య పోటీ ఉండదు. అయితే మన నల్లరేగడి వానకు బంకలా పట్టేస్తుంది, దుంప కుళ్లుతుంది. అది నాటే చోట గరుకు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మట్టిని గుల్ల చేయాలి.

రెండోది కనకాంబరం. డిసెంబరాల లాగే పల్చటి నీడనూ, మితమైన నీటినీ ఒప్పుకుంటుంది. దీనికి రెండు చిక్కులు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే తేరుకుంటుంది. రెండో చిక్కు వేర్లను పట్టే నులిపురుగులు. దీనికి బంతి మంచి విరుగుడు. బంతి వేర్లలో ఉండే పదార్థం నులిపురుగుల్ని అణచివేస్తుంది. కాకపోతే పక్కన రెండు బంతి మొక్కలు వేసి ఊరుకుంటే పని జరగదు, ఆ వేర్లు పాకిన మేరకే ఫలితం. అందుకని ఎండ తగిలే అంచున ముందు ఒక కారు బంతి పండించి, ఆ తర్వాత అదే మడిలో వేపపిండి వేసి కనకాంబరం నాటడం మంచిది.

పసుపు దగ్గర తొందరపడకూడదు. ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఒకసారి నా చేతిలో పసుపు కొమ్ము చూసి, "ఈడ పెట్టొద్దు నాయనా. సంక్రాంతి దాటినాక తవ్వాల గదా, అప్పుడు పూలచెట్టు వేర్లు తెగుతాయి" అంది. ఎంత సరైన మాట! పసుపు నీడను ఓర్చుకుంటుంది, ఆకు అందంగా ఉంటుంది. కానీ దానికి వానాకాలం పొడుగునా తేమ కావాలి, చివర్లో నేల తవ్వాలి. కాబట్టి దాని చోటు కుళాయి నీళ్లు పారే వైపు, విడిగా.

ఈ లెక్కలు మన రైతులకు కొత్తవి కావు. ఆళ్లగడ్డ దాటి దక్షిణానికి వెళ్తే వచ్చే మైదుకూరు పేరుతో పసుపు రకమే ఉంది. పసుపులో ఆముదం, మొక్కజొన్న వేసి నీడ ఇవ్వడం పాత పద్ధతి. తమలపాకు తోటల్లో అవిసె చెట్టు తీగకు ఊతమూ నీడా రెండూ ఇస్తుంది. ఏ మొక్క వేరు ఎంత లోతు, దేనికి ఎప్పుడు నీళ్లు అనేది వాళ్లకు అనుభవం మీద తెలుసు. పెరట్లో మనం పాటించాల్సిందీ అదే.

నేల కనపడకుండా కప్పడానికి వాము ఆకు వేయండి. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నీళ్లు తక్కువ చాలు. టపాకాయల మొక్కను మాత్రం దగ్గరికి రానీయొద్దు. దాని పువ్వూ ఊదారంగే, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ తడి తగిలితే కాయ టప్పున పేలి గింజల్ని దూరంగా విసురుతుంది, దుంపవేరు మట్టిలో దాక్కుంటుంది. కొన్నేళ్లకు మడి మొత్తం దానిదే అవుతుంది.

అసలైన వయొలెట్ కుటుంబపు మొక్క కూడా మన సీమలో ఒకటి ఉంది. దాని పేరు రత్నపురుష. జానెడు మొక్క. పువ్వులో ఒకే ఒక్క రేకు పెద్దదిగా, గులాబీ ఊదా కలిసిన రంగులో ఉంటుంది, మిగతావి కనీకనపడనట్టు ఉంటాయి. వానలు పడ్డాక పొలం గట్ల మీద, అడవి అంచుల్లో లేస్తుంది. మందు మొక్క అని కనిపించినచోటల్లా పీకేస్తున్నారు. మీ పెరటి అంచున అదంతట అది మొలిస్తే కలుపు అనుకుని తీసేయకండి, గింజ రాలనివ్వండి. నల్లమలకు వెళ్లి మాత్రం తవ్వి తేవద్దు. అది పులుల అభయారణ్యం, అక్కడి మొక్క అక్కడే ఉండాలి.

చివరిగా ఒక మనవి. మొక్కలు కొనే ముందు ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మీ పెరట్లో నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో గీతలు గీయండి. మే నెలలో ఇంకోసారి గీయండి. వేప మొదలుకు మూడడుగులు వదలండి, దాని వేర్లు నరకకండి, రాలిన ఆకును ఊడ్చి కాల్చకుండా మడిలోనే పరచండి. జూన్‌లో తొలి వాన పడగానే ఒక డిసెంబరాల కొమ్మ, పక్కన ఒక మే పువ్వు దుంప నాటండి. ఈ రెండూ నిలదొక్కుకున్నాకే మూడోదాని గురించి ఆలోచించండి.