మెరుపు జాడ, కొలత హద్దు: దిగువ అయనావరణ పరిశోధనపై ఒక పరిశీలన

భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న డి-పొర పరిశోధకునికి సులభంగా అందదు. బెలూన్లు అంత ఎత్తుకు చేరలేవు. ఉపగ్రహాలు అంత దిగువన నిలవలేవు. రాకెట్టు కొద్ది నిమిషాల అతిథి. అందుచేత మెరుపు అక్కడ రేపే అలజడిని నేలమీదినుంచే, 3–30 కిలోహెర్ట్జ్ వి.ఎల్.ఎఫ్. తరంగాల ద్వారా పసిగట్టవలసి వచ్చింది. జలాంతర్గాముల కోసం నౌకాదళాలు నడిపే ప్రసారకేంద్రాల సంకేతం నేలకూ డి-పొరకూ నడుమ వేల కిలోమీటర్లు సాగుతుంది. దారిలో ఎలక్ట్రాన్ సాంద్రత మారితే గ్రాహకం వద్ద దాని కంపన పరిమితి, దశ మారతాయి.

అంటార్కిటికాలో నమోదైన ఇటువంటి మార్పులను హెల్లివెల్, కట్సుఫ్రాకిస్, ట్రింపి 1973లో వివరించారు. మెరుపు తరంగం విస్లర్‌గా అయస్కాంతావరణంలోకి చేరి, అక్కడి శక్తిమంతమైన ఎలక్ట్రాన్లను దారి మళ్లించి డి-పొరపై రాలుస్తుందని వారి ప్రతిపాదన. ఆ ప్రయాణానికి వ్యవధి పడుతుంది గనుక మెరుపుకూ మార్పుకూ మధ్య సెకనులో కొంత భాగం నుంచి సెకను పైచిలుకు ఎడం ఉంటుంది. దాదాపు ఎడమే లేని సంఘటనలు తరువాత బయటపడ్డాయి. వాటిలో మెరుపు విద్యుత్ క్షేత్రమో, విద్యుదయస్కాంత స్పందనమో పై పొరను నేరుగా తాకుతుంది. కాలవ్యవధి ఆధారంగా ఈ రెండు మార్గాలను విడదీయడం ఈ రంగం సాధించిన గట్టి ఫలితం.

చిక్కు వర్గీకరణలో ఉంది. మార్పు మొదలవడానికీ, పూర్తిగా పెరగడానికీ 20 మిల్లీసెకన్ల లోపే పడితే అది ‘తక్షణ-శీఘ్ర’ సంఘటన. సెకనుకు 50 నమూనాలు తీసే నమోదులో రెండు నమూనాల మధ్య ఎడమూ సరిగ్గా అంతే! తక్షణమే మొదలై సుమారు రెండు సెకన్ల వరకు పెరిగే సంఘటనలను హల్డూపిస్ బృందం 2006లో చూపాక, ఆ గీత భౌతిక ప్రక్రియల మధ్య హద్దుగా నిలవడం కష్టమైంది.

కంపన పరిమితిలోని మార్పును అలజడి తీవ్రతగా చదవడం ఇంకా ప్రమాదకరం. గ్రాహకానికి అందేది దారి పొడవునా అనేక తరంగ రీతుల వ్యతికరణ ఫలితం. ఒకే అలజడి ఒకచోట సంకేతాన్ని పెంచవచ్చు, మరొకచోట తగ్గించవచ్చు. తిరునల్వేలి సమీపంలోని విజయనారాయణం నుంచి ప్రయాగ్‌రాజ్ చేరే 18.2 కిలోహెర్ట్జ్ సంకేతం తెలంగాణ మీదుగా పోతుంది. అందులో కనిపించిన మార్పు తెలంగాణ పైదో, వింధ్యకు ఆవలిదో ఆ ఒక్క గ్రాహకం చెప్పజాలదు. మెరుపుల స్థాన నిర్ణయ జాలం తోడైతే కారణమైన మెరుపు దొరుకుతుంది; అలజడి విస్తీర్ణం మాత్రం దొరకదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాఠశాలల్లో వరుసగా గ్రాహకాలు నిలిపి, పక్కపక్క దారులను పోల్చింది అందుకే. ఒంటరి గ్రాహకపు డెసిబెల్ లెక్కతో సాంద్రతా చిత్రం గీసే వ్యాసాలను ఈ ప్రమాణంతోనే తూచాలి.