జాషువా కవితలో క్రీస్తుభక్తియు సంఘసంస్కారమును

గుఱ్ఱము జాషువాగారి కావ్యములను గూర్చి మా గవర్నర్‌పేటలో మాటలాడుకొనువారు రెండు తెగలు. అభ్యుదయవాదులు ‘గబ్బిలము’ను నెత్తినఁ బెట్టుకొని, ‘క్రీస్తు చరిత్ర’ను ముసలితనపు భక్తియని త్రోసివేయుదురు. ప్రార్థనామందిరమునకుఁ బోవు సజ్జనులు ‘క్రీస్తు చరిత్ర’ను కన్నులకద్దుకొని, శివునకు మొఱపెట్టిన ‘గబ్బిలము’ పేరు చెప్పఁగానే నొసలు చిట్లింతురు. కవిని నిలువునఁ జీల్చి చెఱిసగము పంచుకొన్న యీ పంపకము మాకు సమ్మతము గాదు. దైవభక్తియు, సంఘమును మార్చవలెనను పట్టుదలయు ఒక్క హృదయమునఁ బొసఁగునా యను ప్రశ్నకుఁ దెలుగున ఇంతకంటె మంచి యుదాహరణము మాకుఁ గానరాదు.

జాషువా 1895లో వినుకొండలో జన్మించెను. తండ్రి యాదవుఁడు, తల్లి మాదిగకులజ, ఇల్లు క్రైస్తవము. దేవుఁడు మాఱినను ఊరు మాఱలేదు. క్రైస్తవుఁడైనను అస్పృశ్యత యాయనను విడువలేదు. సంస్కృతకావ్యములు చదివి పద్యము చెప్పిన పాపమునకు హిందువులును, హిందూపురాణకథలు ముట్టిన పాపమునకు క్రైస్తవులును ఆయనను అనుమానముగనే చూచిరి.

1941లో వెలువడిన ‘గబ్బిలము’నకు ఒరవడి కాళిదాసుని మేఘసందేశము. కాని యక్షుని బాధ విరహము; ఇచ్చటి నాయకుఁడైన అరుంధతీసుతుని బాధ ఆఁకలియు, అవమానమును. వాఁడు మేఘమును గాక గబ్బిలమును దూతగా నెన్నుకొనుట చమత్కారము కొఱకు గాదు. గుడిలోనికి వానికిఁ బ్రవేశము లేదు, గబ్బిలమునకుఁ గలదు. గర్భాలయమునఁ దలక్రిందుగా వ్రేలాడు ఆ ప్రాణికి దేవుని చెవి దగ్గఱ. పూజారి లేని సమయము చూచి తన గోడు వినిపింపుమని వాఁడు వేఁడుకొనును. మా అభ్యుదయమిత్రులు గమనింపని సంగతి యిదియే. వినువాఁడు లేఁడని నమ్మినవాఁడు విన్నపము పంపఁడు. కవి కోపమెల్ల నడుమ నిలిచినవారిమీఁదనే గాని, తీర్పరిమీఁద నాస పోలేదు. ఇఁక క్రైస్తవమిత్రుల యాక్షేపణ: శివుని కేల పంపవలె? కథానాయకుని దేవుఁడు శివుఁడు గనుక. పరుని దుఃఖమును దన మతమునకు గాలముగా వాడుకొనకుండుట మా దృష్టిలో మంచి క్రైస్తవమే.

ఇట్టి చిక్కు మన దేశమునకే పరిమితము గాదు. అమెరికాలోఁ బుట్టిన మార్మనుల సంఘము 2012లో హైదరాబాదునఁ దన ప్రాంతీయమండలిని గూడ నేర్పఱచినది. ఆ సంఘమున నల్లజాతి పురుషులకు 1978 జూన్ వఱకు యాజకత్వము నిషిద్ధము. సంఘాధ్యక్షునకు దైవప్రకటన కలిగినదని చాటిన పిమ్మటఁ గాని ఆ నిషేధము తొలఁగలేదు. అంతవఱకు సమానత్వమును నమ్మిన సభ్యుఁడు వేచియుండవలె, లేదా వెడలిపోవలె, కాదేని లోపలనుండియే యడుగవలె. జాషువా యడుగుటనే యెన్నుకొనెను. అయితే అంత సూటిగా నడిగినది తన మందిరమును గాదు.

1958 నాఁటి ‘క్రీస్తు చరిత్ర’యందు మా కసంతృప్తి ఇచ్చటనే. 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన యీ కావ్యమునఁ బద్యధార నిరాటంకము. కరుణ నిండుగ నున్నది. కాని సువార్తల కథ కవిని చేయిపట్టి నడిపించుటచే ‘గబ్బిలము’లోని నిలదీఁత సన్నగిల్లినది. మా డెల్టా పల్లెలలో మాలలకొక మందిరము, మాదిగలకొక మందిరము నుండుట యెఱుఁగనివారు లేరు. క్రీస్తు చెవిని వేయుటకును ఒక గబ్బిలము కావలసియుండెను.

ఇది కావ్యచర్చ మాత్రమే యనుకొనరాదు. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకుఁ బరిమితము చేసినది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరిరి; క్రైస్తవులు చేరలేదు. కాఁబట్టి నేఁడు జాషువా తల్లివంటి కులమునఁ బుట్టి బాప్తిస్మము పొందినవాఁడు విశ్వాసమును బాహాటముగఁ జెప్పినచో హక్కు పోవును. హక్కును దక్కించుకొనుటకుఁ గొందఱు బడిపుస్తకమున నొక పేరు, మందిరమున నొక పేరు వ్రాయించుకొనుచున్నారు. వారిని కపటులని నిందించు పెద్దలు ‘గబ్బిలము’ను మరల నొకమాఱు చదువుదురుగాక.

ఇంకొక సంగతి. గోరాగారు 1940లో ముదునూరున స్థాపించి 1947లో విజయవాడకుఁ దరలించిన నాస్తిక కేంద్రము మా పేటకు దవ్వు గాదు. ఆ గోరాగారి కుమారుఁడు లవణమును 1960లో వివాహమాడిన హేమలత జాషువా కూఁతురు. అప్పటికి ‘క్రీస్తు చరిత్ర’ వెలువడి రెండేండ్లే యైనది.