ఒకే నాయకుడు, వేర్వేరు వ్యవస్థలు: 'నా జీవిత యాత్ర'పై ఒక పరిశీలన

నాయకత్వాన్ని గురించి మన భాషలో వచ్చే రచనలలో ఒక లోపం తరచు కనిపిస్తుంది. ధైర్యం, త్యాగం, నిజాయితీ అని ఒక జాబితా ఇచ్చి, ఇవి ఉన్నవాడు ఎక్కడైనా రాణిస్తాడని తేల్చివేస్తారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి స్వీయచరిత్ర 'నా జీవిత యాత్ర'ను ఈ దృష్టితో చదివేవారు చాలామంది. కాని ఆ జీవితాన్ని నిదానంగా పరిశీలిస్తే అది ఇందుకు విరుద్ధమైన పాఠం చెబుతుంది.

1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ సమయంలో మద్రాసులో ఆయన తుపాకులకు గుండె చూపిన ఘట్టం అందరికీ తెలిసినదే. ఉద్యమంలో నాయకుడు ముందు నడవాలి. పదిమందిని సంప్రదించడానికి అక్కడ వ్యవధి ఉండదు. ఆ క్షణాన తెగువే నాయకత్వం. అదే తెగువతో 1921లో స్థాపించిన 'స్వరాజ్య' పత్రిక సంగతి వేరు. పత్రికకు నెలనెలా జీతాలు, కాగితం, చందాల వసూలు కావాలి. బారిస్టరుగా గడించిన ధనాన్ని ధారపోసినా అది కలకాలం నిలవలేదు. త్యాగం పత్రికను పుట్టించగలదు గాని, పద్దులు సరిచేయలేదు.

1937లో రెవెన్యూ మంత్రి అయిన తరువాత ఆయన అధ్యక్షతన పనిచేసిన జమీందారీ విచారణ సంఘం మరొక ఉదాహరణ. సాక్ష్యాలు విని, పాత రికార్డులు తిరగేసి, భూమికి హక్కుదారు రైతేనని ఆ సంఘం తేల్చింది. అక్కడ అక్కరకు వచ్చినది న్యాయవాది ఓర్పు. కనుక పంతులుగారికి సహనం లేదనడం సరికాదు. ప్రశ్న స్పష్టంగా ఉన్నచోట ఆ సహనం ఫలించింది.

మంత్రివర్గాల కథ ఇందుకు భిన్నం. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాధినేత అయి, సొంత పార్టీ శాసనసభ్యుల మద్దతు కోల్పోయి 1947 మార్చిలో దిగిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధ వివాదంపై 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. పలు పక్షాల మద్దతుపై నిలిచే ప్రభుత్వానికి మనుషులను రోజూ కూడగట్టుకునే నేర్పు కావాలి. ఉద్యమంలో బలమైన ఒంటరి పట్టుదల ఇక్కడ బరువైంది.

గ్రంథం కొరత కూడా ఇక్కడే ఉన్నది. చివరి భాగాన్ని రచించినది ఆయన సహచరులు తెన్నేటి విశ్వనాథంగారు. తన పరాజయాలను పంతులుగారే తూచి చెప్పి ఉంటే ఎలా ఉండేదో తెలుసుకునే భాగ్యం మనకు దక్కలేదు.

11వ శతాబ్దపు న్యాయవేత్త అల్ మావర్దీ తన 'అల్ అహ్‌కామ్ అస్సుల్తానియ్యా'లో వజీర్లను రెండు తరగతులు చేశాడు: స్వయంగా నిర్ణయించే అధికారం గలవాడు, ఆజ్ఞను అమలు జరిపేవాడు. ఇద్దరికీ వేర్వేరు అర్హతలు విధించాడు. ముందు పదవి స్వభావాన్ని గుర్తించి, ఆపైన మనిషిని వెదకాలన్నది ఇందులోని వివేకం.

దర్శి ప్రాంతపు పాఠకులకు ఇది దూరపు చర్చ కాదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. నాటినుంచి ఆయన పేరు మన చిరునామాలోనే ఉన్నది. సాగర్ కుడి కాలువ నీరు చివరి పొలానికి చేరాలంటే వంతులు వేసి, ఎగువ రైతును ఒప్పించి, లెక్క చూపే మనిషి కావాలి. సహకార సంఘానికైనా, మసీదు కమిటీకైనా అంతే. సభలో గర్జించినవాడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, పని జరగకపోతే అతడినే నిందిస్తాం. ఆ నిందలో సగం, పని ఏమిటో చూడకుండా ఎన్నుకున్న మనకే చెందుతుంది.